గొల్లకావడిని నల్ల చార్టు మీద వేశాం

లక్ష్మివారం, పర్లాకిమిడి

పక్కింటి ఒడియా వాళ్లకి మార్గశిరం వచ్చి రెండో వారం. మాకింకా కార్తీక బహుళమే. వాళ్ల నెల పున్నమి వెళ్లిన మర్నాడు మొదలవుతుంది, మనది అమావాస్య వెళ్లాక. అందుకని మా వీధిలో మార్గశిర లక్ష్మివారాలు రెండు విడతలుగా వస్తాయి. పొద్దున్నే పక్కింటావిడ బియ్యప్పిండి నీళ్లతో గుమ్మం నిండా ఝోటి వేసింది. వరికంకులు, పువ్వులు, ఇంట్లోకి నడిచొచ్చే లక్ష్మి పాదాలు. నేను రోజూ వేసే చుక్కల ముగ్గే వేశాను. మంచు బాగా పడింది. ఎనిమిదింటి దాకా ఎండ మొహం కనపడలేదు.

బహుళ పక్షం కాబట్టి ఈ వారమంతా చంద్రుడు అర్ధరాత్రి దాకా రాడు. ఇలాంటి రాత్రి కోసమే పిల్లల్ని ఆపి ఉంచాను.

మా అమ్మాయి, పక్కింటి అబ్బాయి ఫోన్లో గెలాక్సీ పెయింటింగ్ వీడియోలు చూసి, మనమూ వేద్దామని వెంటపడుతున్నారు. ఊదా, నీలం, గులాబీ రంగులు స్పాంజితో అద్ది, పైన తెల్ల రంగు చిమ్మితే అయిపోతుంది. తేలికే, అందంగానూ ఉంటుంది. కానీ ఆ బొమ్మలో పేరున్న చుక్క ఒక్కటీ ఉండదు. మొదటిసారి ఆకాశం వేసే పిల్లలు పేరు తెలిసిన చుక్కలే వెయ్యాలని నా పట్టుదల. మన డాబా మీద నిలబడి వేలు పెట్టి చూపించగలిగినవి, రేపు మళ్లీ అదే వేళకి వెళితే అక్కడే కనిపించేవి. అలాంటి బొమ్మ గోడకి తగిలిస్తే వాళ్లు దాన్ని రోజూ చూస్తారు, ఆకాశాన్ని కూడా చూస్తారు. లోకం మొత్తానికి ఒప్పుకున్న నక్షత్రమండలాలు 88 ఉన్నాయి. మొదలుపెట్టడానికి ఒకటి చాలు.

నాలుగింటికి బడి నుంచి రాగానే కాగితాలు సిద్ధం చేయించాను. చుక్కలు రాత్రే పెట్టాలి, కాగితం మీద ఆకాశం రంగు మాత్రం పగలే ఆరిపోవాలి.

మా అమ్మాయికి నల్ల చార్టు ఇచ్చాను. ఇంతకంటే సులువైనది లేదు. నల్ల చార్టు, తెల్ల పోస్టర్ కలర్, అంతే. కుంచె పట్టడం రాని పిల్లలు కూడా వెయ్యగలరు. పక్కింటి అబ్బాయికి రంగులు కలపడం ఇష్టం, వాడికి మందపాటి వాటర్ కలర్ కాగితం. నాలుగు అంచులూ మాస్కింగ్ టేపుతో అట్టకి అంటించాం. కాగితాన్ని శుభ్రమైన నీళ్లతో తడిపి, తడి ఆరకముందే పై భాగంలో ఇండిగో, కిందికి వచ్చేకొద్దీ ప్రష్యన్ బ్లూ, అడుగున కాస్త ఊదా. నిజం ఆకాశం కూడా అంతే, నడినెత్తిన చిక్కటి చీకటి, అంచుల్లో కొంచెం వెలుగు. రంగు ఇంకా మెరుస్తుండగానే నాలుగు ఉప్పు గళ్లు చల్లమన్నాను. ఉప్పు పడినచోట తడిని తన వైపు లాక్కుంటుంది, రంగు పక్కకి జరుగుతుంది, ఆరాక దులిపేస్తే అక్కడ తెల్లటి మచ్చ పువ్వులా విచ్చుకుని ఉంటుంది. మెత్తటి ఉప్పు కన్నా గళ్లుప్పే దీనికి బాగుంటుంది. మా ఇంట్లో వాడేది నౌపడ ఉప్పు. మా ఊరికి 1900లో మొదటి రైలు వచ్చింది ఆ నౌపడ నుంచే, ఆ మాట చెప్తే వాడు ఉప్పు గల్లు ఒకటి పట్టుకుని కాసేపు అలాగే చూశాడు.

తర్వాత పాత టూత్‌బ్రష్‌తో తెల్ల రంగు చిమ్మించాను. ఈ చిమ్మడం ముందే అయిపోవాలి. అసలు చుక్కలు పెట్టాక చిమ్మితే ఏది మృగశిర, ఏది తుంపరో తెలియదు. పైగా చిమ్మిన చుక్కలు తక్కువగా ఉండాలి. పిల్లలకి చెయ్యి ఆగదు, "చాలు" అని మనమే అనాలి. చీకటి మిగలాలి.

తొమ్మిదింటికి డాబా ఎక్కాం. అత్తయ్య కూడా శాలువా కప్పుకుని వచ్చింది. వీధి దీపం వెలుగు పడకుండా నీళ్ల ట్యాంకు వెనకాల నిలబడ్డాం. ఫోన్లు కిందే వదిలేశాం. కళ్లు చీకటికి అలవాటు పడడానికి పావుగంట పైనే పడుతుంది, ఒక్కసారి ఫోన్ వెలుగు చూస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

తూర్పున మూడు చుక్కలు నిలువుగా లేచి ఉన్నాయి. "అదిగో గొల్లకావడి" అంది అత్తయ్య. ఆవిడ పుట్టిల్లు కాశీనగర్ వైపు వంశధార ఒడ్డున పల్లె. కోతల రోజుల్లో కళ్లంలో కాపలా పడుకున్నప్పుడు గొల్లకావడి ఎంత ఎత్తుకి వచ్చిందో చూసి రాత్రి ఎంత గడిచిందో చెప్పుకునేవారట. సైన్సు పుస్తకంలో దీన్నే ఓరియన్ అనే వేటగాడి మండలానికి నడుం పట్టీ అంటారని అబ్బాయి అన్నాడు. ఆ మూడు చుక్కలకి ఎడమ పక్క ఎర్రగా ఆరుద్ర, కుడి పక్క తెల్లగా రైజెల్.

ఇక్కడే చాలాసేపు ఆగాం. ఏ చుక్క ఏ రంగో నేను చెప్పలేదు, చూసి చెప్పమన్నాను. మొదట ఇద్దరూ "అన్నీ తెలుపే" అన్నారు. "ఆరుద్రనీ రైజెల్‌నీ ఒకదాని తర్వాత ఒకటి చూడండి" అన్నాను. మా అమ్మాయి "అమ్మా, అది నిప్పు కణికలా ఉంది!" అని అరిచింది. అబ్బాయి రైజెల్ నీలంగా ఉందన్నాడు. ఆ రంగులు వేడిని బట్టి వస్తాయి. ఆరుద్ర ఉపరితలం మిగతా చుక్కలతో పోలిస్తే చల్లన కాబట్టి ఎరుపు, రైజెల్‌ది చాలా వేడి కాబట్టి నీలం కలిసిన తెలుపు. ఎర్రనిది చల్లన, నీలంది వేడి అంటే అత్తయ్య ఒప్పుకోలేదు. గ్యాస్ పొయ్యి మంట రంగు గుర్తు చేశాక ఊరుకుంది.

తర్వాత కొలతలు. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో దాదాపు పది డిగ్రీలు. మధ్య చుక్క నుంచి ఆరుద్ర దాకా ఒక పిడికిలి. ఇటు రైజెల్ దాకా కూడా ఇంచుమించు అంతే. గొల్లకావడి మొత్తం పొడవు మాత్రం మూడు డిగ్రీలు కూడా లేదు. కొత్తగా వేసేవాళ్లకి నేను ఒక్కటే చెప్పాలంటే ఈ లెక్కే చెప్తాను. మూడు చుక్కలూ దగ్గరగా ఉండాలి, ఆరుద్ర, రైజెల్‌తో కలిపి ఓరియన్ నాలుగు మూలల చుక్కలూ దూరంగా ఉండాలి. కావడి నాలుగు సెంటీమీటర్లు వేస్తే ఆరుద్ర, రైజెల్ మధ్య చుక్కకి పదమూడు, పద్నాలుగు సెంటీమీటర్ల దూరంలో పడాలి. మూడు చుక్కలూ సరిగ్గా ఒకే గీత మీద ఉండవు కూడా. ఇప్పుడు పైన ఉన్న చుక్క గీతకి కాస్త పక్కగా తప్పుకుని ఉంటుంది, మిగతా రెండింటి కన్నా కొంచెం మసక. ఆ చిన్న వంపు వేస్తేనే అది గొల్లకావడి.

పిడికిలి కొలత అనగానే అబ్బాయికి వాళ్ల బళ్లో చెప్పిన పఠాణి సామంత గుర్తొచ్చాడు. ఖండపడాలో 1835లో పుట్టిన ఆయన టెలిస్కోప్ లేకుండా, వెదురు, కర్ర ముక్కలతో తానే చేసుకున్న పరికరాలతో గ్రహాలనీ నక్షత్రాలనీ కొలిచాడు. ఆయన రాసిన సిద్ధాంత దర్పణం 1899లో అచ్చయింది. వాడు వెంటనే డాబా మీద పడి ఉన్న రెండు వెదురు పుల్లలు అడ్డంగా, నిలువుగా పట్టుకుని ఆరుద్రకి గురిపెట్టాడు. నాకు చాలా సంతోషం వేసింది.

గొల్లకావడి గీతని పైకి సాగదీస్తే ఎర్రటి రోహిణి, ఇంకా పైకి వెళితే కృత్తికల గుంపు. అత్తయ్య దాన్ని పిల్లలకోడి అంటుంది. గీతని కిందికి సాగదీస్తే తొమ్మిదిన్నరకి ఇళ్ల కప్పుల మీంచి లేచిన లుబ్ధకుడు, రాత్రి ఆకాశంలో అన్నింటికన్నా కాంతివంతమైన నక్షత్రం. కృత్తిక, రోహిణి, మృగశిర, ఆరుద్ర వరసగా చెప్తుంటే మా అమ్మాయి ఆపింది.

"నాన్నమ్మా, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటావు కదా. అది ఎండాకాలం. మరి రోహిణి చలికాలంలో ఎందుకు కనిపిస్తోంది?"

అత్తయ్య నా వైపు చూసింది. మే నెలాఖరున సూర్యుడు రోహిణి ఉన్న దిక్కునే ఉంటాడు, ఆ వెలుగులో రోహిణి కనపడదు. ఆరు నెలలు తిరిగేసరికి భూమి సూర్యుడికి అవతలి పక్కకి చేరుతుంది, అదే రోహిణి రాత్రంతా కనిపిస్తుంది. కార్తె అంటే సూర్యుడు ఆ చుక్క దగ్గరున్నాడని. అది విన్నాక ఇద్దరూ బొమ్మ మార్చేద్దామన్నారు. ఒక్క ఓరియన్ కాదు, కృత్తికల నుంచి లుబ్ధకుడి దాకా ఏటవాలుగా ఒకే గీత. పొడవాటి కాగితానికి అది చక్కగా సరిపోతుంది. అది ఆదివారం వేద్దామని ఒప్పించాను. ఇవాళ్టికి గొల్లకావడి, దాని చుట్టూ నాలుగు చుక్కలు, తల దగ్గర మృగశిర.

కిందికి వచ్చి చుక్కలు పెట్టాం. స్థానాల కోసం పగలే ఒక తెల్ల కాగితం మీద కొలతలు వేసి, ప్రతి చుక్కనీ పిన్నుతో పొడిచి పెట్టుకున్నాను. దాన్ని చార్టు మీద పరిచి, పల్చటి గుడ్డలో మూటకట్టిన ముగ్గుపిండితో మెల్లగా తడితే చిల్లుల్లోంచి పిండి దిగి గుర్తులు పడతాయి. చార్టుకి గీత పడదు, రబ్బరు అక్కర్లేదు, మిగిలిన పిండి ఊదేస్తే పోతుంది.

చుక్క పెట్టడానికి కుంచె వాడనివ్వలేదు. పెద్ద చుక్కలకి ఇయర్‌బడ్, గొల్లకావడికి అగ్గిపుల్ల మందు లేని కొస, మిగతా వాటికి అగరుబత్తి పుల్ల. మూడు సైజులు వాటంతటవే వస్తాయి. రంగులో నీళ్లు దాదాపు కలపకూడదు, కలిపితే చుక్క పాకిపోతుంది. ప్రతి చుక్కకీ మళ్లీ రంగులో ముంచాలి, నిటారుగా అద్ది నిటారుగా ఎత్తాలి. ఆరుద్రకి తెలుపులో చిటికెడు ఆరెంజ్, రైజెల్‌కి సూదిమొనంత నీలం. ఎక్కువ కలిపితే బల్బుల దండ అయిపోతుంది. గొల్లకావడి పక్కన వేలాడే సన్నటి చుక్కల్లో మధ్యది చుక్క కాదు, మేఘం. దాదాపు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో కొత్త నక్షత్రాలు పుడుతున్న చోటు. దానికి తెలుపులో కాస్త గులాబీ కలిపి చిటికెన వేలితో రుద్దించాను.

గీతల దగ్గర పిల్లలిద్దరూ వాదించుకున్నారు. అమ్మాయికి గీతలు కావాలి, అబ్బాయికి వద్దు, ఆకాశంలో లేవుగా అంటాడు. నా మాట వేరు. గీత వేసినా చుక్కని తాకకూడదు, రెండు వైపులా కాస్త ముందే ఆగిపోవాలి. తెల్ల పెన్సిల్‌తో, స్కేలు పెట్టి, తేలిగ్గా. చెరొక తీరుగా వేశారు. రెండూ బాగున్నాయి. నిజం చెప్పాలంటే అబ్బాయిదే నాకు ఎక్కువ నచ్చింది.

ఇంకా సులువుగా కావాలంటే ఉత్తర దిక్కున అయిదే చుక్కల కాసియోపియా ఉంది. ఈ రోజుల్లో ఈ వేళకి ఇంగ్లీషు ఎమ్ అక్షరంలా కనిపిస్తుంది, అయిదేళ్ల పిల్లలు కూడా వేస్తారు. కృత్తికలైతే దగ్గర దగ్గరగా ఆరు చుక్కలు, చుట్టూ లేత నీలం. వేసవికి వృశ్చికం, గుండె దగ్గర ఎర్రటి జ్యేష్ఠ, దానికి పెద్ద చార్టు కావాలి.

ఒకటి మాత్రం నా కోసం వేసుకోవాలని ఉంది. ఇక్కడి కొండల మీద సవరల ఇళ్లలో గోడకి ఎర్రమట్టి పూసి బియ్యప్పిండితో తెల్లగా బొమ్మలు వేస్తారు. అందులో సూర్యుడూ చంద్రుడూ ఉంటారు. అవి వాళ్ల దేవతల కోసం వేసేవి, ఆ బొమ్మలని నేను తీసుకోను. ఎరుపు మీద తెలుపు ఎంత బాగుంటుందో మాత్రం వాళ్ల గోడల మీదే చూశాను. ఒక ప్లైవుడ్ ముక్కకి జాజు పూసి, బియ్యప్పిండిలో కాస్త ఫెవికాల్ కలిపి, వెదురు పుల్లతో కృత్తికల నుంచి లుబ్ధకుడి దాకా వెయ్యాలి.

బొమ్మలు ఆరబెడుతుంటే అత్తయ్య వచ్చి చూసి, "అన్నీ వేశారు, అరుంధతిని వెయ్యలేదేం?" అంది. సప్తర్షులు ఈ వేళకి కనపడరు, తెల్లవారుజామున ఈశాన్యంలో తోక కిందికి పెట్టుకుని లేస్తారని చెప్పాను. వసిష్ఠుడి చుక్కని ఇయర్‌బడ్‌తో పెట్టి, దాన్ని ఆనుకుని అరుంధతిని అగరుబత్తి పుల్లతో పెడితే సరిపోతుంది. అత్తయ్య అలారం నాలుగున్నరకి పెట్టమంది, పిల్లలిద్దర్నీ తనే లేపుతానంది. ఇంకో నల్ల చార్టు కోసి బల్ల మీద పెట్టాను.