మస్టరు పుస్తకంలో ఒక రోజు

బడి జ్ఞాపకాలు రాయమని సంచిక బాధ్యులు అడిగితే, బడి విడిచిన తరువాతి రెండు నెలల గురించి రాస్తున్నందుకు ముందుగా క్షమాపణ కోరుతున్నాను. 2016లో పదో తరగతి పరీక్షలు రాసి బయటకు వచ్చిన మా బ్యాచ్‌లో ఒకే పేరున్న వాళ్ళు ఇద్దరు ఉండేవారు. లెక్కల మాస్టారు హాజరు పట్టీలో వారిద్దరికీ ఇంటిపేరు పూర్తిగా రాసి, పిలిచేటప్పుడు కూడా ఇంటిపేరుతోనే పిలిచేవారు. అది ఆయన చాదస్తమని వెనక బెంచీలో నవ్వుకున్న వారిలో నేనూ ఉన్నాను.

మా మేనమామ చేపల రేవులో బోట్ల వడ్రంగం పని కాంట్రాక్టుకు తీసుకునేవారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధిస్తారు కనుక, ఏడాదంతా వాయిదా పడిన మరమ్మతులన్నీ ఆ రెండు నెలల్లోనే మీద పడతాయి. బోటును ఒడ్డుకు లాగి, అడుగున పట్టిన గుల్లలను గీకి, పుచ్చిన పలకలు తీసి కొత్తవి బిగించి, సందుల్లో నూలు దట్టించి, రంగు వేసి మళ్ళీ నీళ్ళలోకి దించాలి. ఇంటర్ ఫీజుకు చేదోడుగా ఉంటుందని నాన్నగారు నన్ను మావయ్య దగ్గరకు పంపారు. పలక మోసే సత్తా నాకు లేదని మొదటి రోజే తేలిపోవడంతో మావయ్య నా చేతికి పనివాళ్ళ హాజరు రాసే మస్టరు పుస్తకం ఇచ్చారు. రోజుకు 150 రూపాయలు.

నిజం చెప్పాలంటే నేను అయిష్టంగానే వెళ్ళాను. మే నెలలో మా చర్చి సంఘం జరిపే వీబీఎస్‌లో, అంటే వేసవి సెలవుల బైబిలు బడిలో, చిన్నపిల్లలకు పాటలు నేర్పే అవకాశం ఆ ఏడే నాకు వచ్చింది, పని వల్ల అది పోయింది. దేవుని పని మానిపించి లోకపు పనికి పంపారని అమ్మతో అన్నాను కూడా. అమ్మ జవాబు చెప్పకుండా టిఫిన్ క్యారియర్ చేతిలో పెట్టింది. అప్పటికి నా భక్తి ఆదివారం ఇస్త్రీ చొక్కా లాంటిది. సోమవారం నుంచి బీరువాలో ఉండేది.

ఇంట్లో మరో పని కూడా నాకే పడింది. నాయనమ్మకు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ జరిగింది, రెండో కంటికి జరగాల్సి ఉంది. ఎన్నో ఏళ్ళుగా రోజూ బైబిల్లో ఒక అధ్యాయం చదువుకునే ఆవిడకు ఆ వేసవిలో చదివి వినిపించే బాధ్యత నాది. లూకా సువార్తతో మొదలుపెట్టమంది. లూకాకూ మన ఊరికీ ఉన్న సంబంధం నాకు అప్పటికి తెలియదు. 1805లో లండన్ మిషనరీ సంఘం తరఫున విశాఖపట్నం వచ్చిన క్రాన్, దె గ్రాంజ్‌లు ఇక్కడే తెలుగు నేర్చుకుని అనువాదం మొదలుపెట్టారు. అయిదేళ్ళు తిరిగేసరికి ఇద్దరూ చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తల వారి తెలుగు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది. ఇదంతా కాలేజీ రోజుల్లో తెలుసుకున్నాను. ఆ వేసవిలో నాకు తెలిసిందల్లా రేవు నుంచి వచ్చేసరికి కళ్ళు మూతలు పడుతుండేవన్నదే.

సింహాచలం అప్పన్న పేరు ఇంటికొకరికి ఉండే ఊరు మనది. మా పనివాళ్ళలో కూడా ఒకే పేరుతో ఇద్దరు ఉండేవారు. అక్షయ తృతీయనాడు చందనోత్సవం. గంధం ఒలిచిన స్వామి నిజరూపం ఏడాదిలో ఆ ఒక్కరోజే కనిపిస్తుంది కాబట్టి సగం మంది కొండకు వెళ్ళారు. ఆ ఇద్దరిలో ఒకాయన వెళ్ళాడు, రెండో ఆయన పనిలోకి వచ్చాడు. నేను మాత్రం కొండకు వెళ్ళినాయనకు హాజరు వేసి, ఎండలో పలకలు బిగించినాయనకు సున్నా చుట్టాను. శనివారం కూలి పంచుతుంటే ఆయన ఒక రోజు తక్కువైందన్నాడు. మావయ్య పుస్తకం తెరిచి చూపించి, “చదువుకున్న కుర్రాడు రాశాడు, తప్పెందుకుంటుంది?” అన్నారు. ఆయనకు చదువు రాదు. పుస్తకం వంక, నా వంక ఒకసారి చూసి, వేలిముద్ర వేసి వెళ్ళిపోయాడు. పొరపాటు నాకు ఆ క్షణంలోనే తెలిసింది. నేను నోరు మెదపలేదు. రాయడంలో జరిగిన తప్పును ఎవరైనా క్షమిస్తారు, ఆ తరువాతి మౌనానికి మాత్రం నా దగ్గర ఇప్పటికీ సంజాయిషీ లేదు.

ఆదివారం మందిరానికి వెళ్ళాను, పాడాను, ఏమీ జరగలేదు. ఆ రాత్రి నాయనమ్మకు చదవాల్సింది లూకా పందొమ్మిదో అధ్యాయం, సుంకపు గుత్తదారుడైన జక్కయ్య కథ. వీబీఎస్‌లో అభినయంతో నేర్పే కథే కనుక గడగడా చదివేస్తున్నాను. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని అతను చెప్పే చోట నాయనమ్మ ఆపింది. “ఆస్తిలో సగం పేదోళ్ళకి, మిగతాదాంట్లో నాలుగంతలు. ఇచ్చేసేక ఆడికేటి మిగిలిందిరా?” అంది. ఆవిడకు నా సంగతి తెలియదు, నిజంగానే లెక్క అడిగింది. తరువాతి వచనం నా గొంతులోంచి రాలేదు. నిద్ర వస్తోందని చెప్పి లేచిపోయాను.

మర్నాడు మావయ్యకు చెప్పాను. ఆయన కోపం తప్పు మీద కాదు, పనివాడి ముందు తన మాట పోయినందుకు. రెండు పూటలు నాతో మాట్లాడలేదు. ఆ పనివాడికి తగ్గిన ఒక రోజు కూలి 400 రూపాయలు నా కూలిలోంచి తీసి నేనే ఇస్తానన్నాను. నాలుగంతలంటే 1600, అంటే నా పది రోజుల కష్టానికి పైమాటే. అంత విశ్వాసం నాకు లేదు, ఒక్కంతే ఇచ్చాను. పలకలు బిగించినాయన లెక్కపెట్టుకుని జేబులో వేసుకుని, “మా ఇంటిపేరు కూడా రాయి బాబూ, అదెక్కడుందో నాకు సూపించు” అన్నాడు. రాసి చూపించాను. ఆ తరువాత ప్రతి శనివారం వేలిముద్ర వేసే ముందు ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసుకునేవాడు. లెక్కల మాస్టారు గుర్తొచ్చి నాకు తల ఎత్తబుద్ధి అయ్యేది కాదు.

ప్రార్థన అలవాటుగా కాక అవసరంగా మారింది ఆ రోజుల్లోనే అనుకుంటాను. ఏదో ఒక రాత్రి అని చెప్పలేను. మధ్యాహ్నం బోటు నీడలో క్యారియర్ విప్పే ముందు కళ్ళు మూసుకునేవాణ్ణి. కొండకు వెళ్ళొచ్చినాయన పక్కనే కూర్చుని, నేను కళ్ళు తెరిచేదాకా ముద్ద ఎత్తేవాడు కాదు.

జూన్ 14న, అర్ధరాత్రి దాటితే బోట్లు వేటకు కదిలే సాయంత్రం, నాయనమ్మకు యోహాను సువార్త ముగిసింది. చివరి అధ్యాయంలో శిష్యులు లాగిన వలలో 153 పెద్ద చేపలు పడ్డాయని ఉంటుంది. ఆపాటికి ఆవిడకు నా సంగతంతా అమ్మ ద్వారా చేరింది. ఆ అంకె వినగానే నవ్వింది. “నూట యాభై మూడని ఎవరో కూకుని లెక్కెట్టేరన్నమాట. నీలాగ ఒకడి చేపలు ఇంకోడికి రాయలేదు గదా?” అంది. తరువాత, మూడంతలు బాకీ ఉందని గుర్తు చేసి, మళ్ళీ మొదటి వచనం నుంచి చదవమంది.