గోనెసంచి మీద బొమ్మ

పాలమూరు లేబర్ అంటే తెల్వనోళ్లు లేరు కదా, మా నాయిన గూడ గుంపు మేస్త్రి ఎంబడి పోయి ఏండ్లకేండ్లు కాల్వలు తవ్వినోడే. అందుకేనేమో ఫ్రెంచ్ పెయింటర్ పాల్ గోగాఁ గురించి చదువుతుంటే (స్పెల్లింగ్ చూసి నేను చానా రోజులు గాగ్విన్ అనుకున్న) పసిఫిక్ సముద్రంల ఉన్న తాహితీ దీవి రంగుల బొమ్మలకన్న ముందుగాల 1887ల ఆయన పనామా పోయిన ముచ్చట కాడ్నే ఆగిపోయిన. చేతుల పైసల్లేక కాల్వ కంపెనీల కూలికి కుదిరిండు, పొద్దుగాల అయిదున్నర నుంచి సాయంత్రం ఆరు దాంక మట్టి తవ్వుతున్న అని పెండ్లానికి లెటర్ రాసిండు, కొన్ని రోజులకే కంపెనీ కూలోళ్లను తగ్గిస్తే అదీ పోయింది.

గంతకుముందు పారిస్‌ల స్టాక్ బ్రోకర్, మస్తు సంపాదన. 1882ల మార్కెట్ కూలింది, ఇగ నేను పెయింటరే అని కూసున్నడు. పెండ్లాం పేరు మెట్టె, ఆమెది డెన్మార్క్, ఆమె ఊరు కోపెన్‌హాగెన్ పోయి తాడిపత్రీలు అమ్మ సూశిండట, ఆ భాష ఒక్క ముక్క రాదు, ఇంగేం అమ్ముతడు!

తిరుగుడు మాత్రం చిన్నప్పటి సందే. 1848ల పారిస్‌ల పుట్టిండు, పెరూ పోయేటప్పుడు ఓడ ప్రయాణంలనే తండ్రి సచ్చిపోయిండు, లిమాల పెరిగిండు, పదిహేడేండ్లకు ఓడల నౌకరి. పనామా తర్వాత మార్టినిక్ దీవి, 1888ల ఇంకో పెయింటర్ వాన్ గోతోని ఫ్రాన్స్ ఊరు ఆర్ల్‌ల రెండు నెలలు, 1891ల తాహితీ. అక్కడ పద్మూడు పద్నాలుగేండ్ల పిల్లలను పెండ్లాలుగ పెట్టుకున్నడు, ఇది మాత్రం నాకు మింగుడు పడది, ఎంత గొప్ప బొమ్మలేసినా సరే.

1897 ఆఖర్ల పెద్ద బొమ్మ షురూ చేశిండు, 'మనం ఎక్కడ్నుంచి వచ్చినం, మనం ఏంది, ఎటు పోతున్నం' అని దాని పేరు, ఇప్పుడు బోస్టన్ మ్యూజియంల ఉంది, పన్నెండు ఫీట్ల పొడుగు. కుడిదిక్కు పండుకున్న పసిపోరడు, ఎడమ కొసకు తల పట్టుకున్న ముసలామె, నడుమల చెట్టుకాయ తెంపుతున్న మనిషి. వేసింది గోనెబట్ట మీద. ముళ్లు, గరుకు అన్నీ ఉన్నయని దోస్తుకు ఆయనే రాసిండు. నేను బాదేపల్లి మార్కెట్ల పల్లికాయ బస్తాలు లెక్కవెట్టేటోన్ని, ఆ బట్ట మీద నంబర్ రాస్తేనే ఇంకు పాకి ఎనిమిది తొమ్మిదైతది, దానిమీద మనిషి మొఖం ఎట్ల తెచ్చిండో!

నాయినకు ఫోన్ల పెద్దగ చేసి సూపిచ్చిన. చానసేపు సూశి, "ఇంటికి పైసలు పంపెటోడా?" అన్నడు.

అయిదుగురు పిల్లలు నాయినా, పెండ్లామే ఫ్రెంచ్ ట్యూషన్లు చెప్పుకుంట సాదింది అన్న. ఫోన్ నా చేతుల పెట్టి చాయ్ తాగ పోయిండు.