పేరు మనదైతేనే జట్టు మనది: హనుమకొండలో ఒక ఖోఖో జట్టు అనుభవం

మా అమ్మాయిల ఖోఖో జట్టుకు కొత్త జెర్సీలు ఈ వారమే చేతికి వచ్చాయి. ఎద మీదా వీపు మీదా మా జట్టు పేరే ఉంది. డబ్బిచ్చిన వారి పేరు భుజం మీద, ఒప్పుకున్న కొలతలోనే ఉంది. ఇంత చిన్న విషయానికి ఎంత పోరాడవలసి వచ్చిందో, కోపం పూర్తిగా చల్లారకముందే రాసిపెడుతున్నాను. కరీంనగర్‌లోనో మహబూబాబాద్‌లోనో ఇటువంటి జట్టు పెట్టడానికి పూనుకునే వారికి ఉపయోగపడవచ్చు.

జట్టును నడిపే సంఘం రిజిస్ట్రేషన్ సులువుగానే అయింది. ఏడుగురు సభ్యులు, నియమావళి, చిరునామా రుజువు ఉంటే జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆ పని నడుస్తుంది.

పేరు దగ్గర కొంత ఆలోచించవలసి వచ్చింది. వరంగల్‌లో ఏది మొదలుపెట్టినా అందరి నోటా ముందుగా వచ్చే మాట ‘కాకతీయ’. విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల మొదలుకొని టిఫిన్ సెంటర్ వరకు అదే పేరు ఉన్న ఊళ్లో మరో కాకతీయ జట్టు ఎవరికి గుర్తుంటుంది? కాకతీయ తోరణం బొమ్మ కూడా అంతే. అది రాష్ట్ర అధికార చిహ్నంలోనే ఉంది కనుక దాని జోలికి పోవద్దని ముందే తీర్మానించుకున్నాం. మేము సాధన చేసే వాడకట్టు పేరును, ఆటలోని ఒక మాటను కలిపి పేరు పెట్టుకున్నాం. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ఇంకా తేలలేదు కనుక దానిని ఇక్కడ రాయడం లేదు.

ఆ దరఖాస్తు గురించి ఒక్క మాట గట్టిగా చెబుతాను. వ్యక్తి పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే ఒక్కో తరగతికి (అంటే ఒక్కో రకం సరుకు లేదా సేవకు) 4,500 రూపాయలు, సంఘం పేరు మీద వేస్తే 9,000 రూపాయలు అవుతుంది. సగం ఖర్చు మిగులుతుందని మధ్యవర్తులు కార్యదర్శి పేరు మీదనో కోచ్ పేరు మీదనో వేయమంటారు. వారి మాట వినవద్దు. రేపు ఆ వ్యక్తి అలిగి వెళ్లిపోతే జట్టు పేరు కూడా ఆయన వెంటే పోతుంది. క్రీడా సేవలకు 41వ తరగతి, జెర్సీలు అమ్మదలచుకుంటే దుస్తులకు 25వ తరగతి చాలు. మిగతావన్నీ మధ్యవర్తి బేరమే. పరిశీలన ముగిసి ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రకటించిన తరువాత కూడా ఎవరైనా అభ్యంతరం చెప్పడానికి నాలుగు నెలల గడువు ఉంటుంది కనుక ఓపిక అవసరం.

మా ముద్ర (లోగో) వరంగల్‌లోని కొత్తవాడలో పుట్టింది. 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన వరంగల్ దర్రీలు, అంటే నేల మీద పరిచే తివాచీలు, అక్కడి మగ్గాల మీదే నేస్తారు. ఖోఖోలో తరిమే జట్టు నుంచి ఎనిమిది మంది ఛేజర్లు ఒకే వరుసలో, ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు కదా. ఆ వరుసను ఒక ముసలి నేతకారుడికి నేల మీద గీసి చూపితే, ఆయన మగ్గం మీదున్న దర్రీ అంచును చూపించి, “గిది మా నేతల ఎప్పటిసంది ఉన్నదే బిడ్డా, మీ ఆట గిండ్లనే ఉన్నది” అన్నారు. పైకొకటి కిందికొకటి తిరిగిన ఎనిమిది ముక్కోణాలు అట్లా మా గుర్తు అయ్యాయి. రంగు చపాటా మిర్చి ఎరుపు. ఆ మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మా అమ్మాయిల్లో కొందరి ఇళ్లలో పండేదీ అదే. ఇంతకంటే మంచి ముద్రను ఏ హైదరాబాద్ సంస్థా మాకు గీసి ఇవ్వలేదని గర్వంగానే చెబుతాను.

ఇక స్పాన్సర్ వ్యవహారం. బూట్లు, జెర్సీలు, ప్రయాణ ఖర్చులు అమ్మాయిల తల్లిదండ్రులు భరించలేరు కనుక నగరంలోని ఒక పెద్ద బట్టల దుకాణం యజమానిని కలిశాం. రమ్మన్న వేళకే వెళ్లినా, బిల్లు కౌంటర్ పక్కన కుర్చీల్లో సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. చివరికి లోపలికి పిలిచి ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: “ఖోఖోనా? గది బడిల పోరగాండ్లు ఆడేదే గద మేడం, దాన్ని సూడతందుకు ఎవలొస్తరు?” 2022లో మొదలైన అల్టిమేట్ ఖోఖో లీగ్ తొలి ఫైనల్‌లో తెలుగు యోధాస్ జట్టు ఒడిశా చేతిలో 46–45 స్కోరుతో, అంటే ఒకే ఒక్క పాయింటుతో ఓడిపోయిందని చెప్పాను. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ప్రపంచ కప్‌ను మన పురుషుల జట్టు, మహిళల జట్టు రెండూ గెలిచాయని, మహిళలు ఫైనల్‌లో నేపాల్‌ను 78–40తో ఓడించారని చెప్పాను. ఆయన ఫోన్ చూసుకుంటూనే విని, “సరే తియ్, జెర్సీలు నేను కుట్టిపిస్త” అన్నారు. ఒప్పందం రాసుకుందామంటే, “మా ఇంట్ల నోటి మాటే బాండు పేపరు” అన్నారు.

జెర్సీల మూట విప్పి చూసినప్పుడు అమ్మాయిలెవరూ నోరు మెదపలేదు. మిర్చి ఎరుపు లేదు, దుకాణం సంచుల పసుపు రంగు ఉంది. ఎద నిండా, వీపు నిండా దుకాణం పేరు. మా ముక్కోణాల చోట వారి గుర్తు. మా జట్టు పేరు చేతి అంచున, దగ్గరకు వచ్చి చూస్తే తప్ప చదవలేనంత చిన్నగా ఉంది. ఈ ఆటలో వీపు ఎంత విలువైనదో ఆడినవారికి తెలుస్తుంది. వరుసలో సగం మంది ఎప్పుడూ ప్రేక్షకులకు వీపు పెట్టే కూర్చుంటారు, లేచి తరమమని ఖో ఇచ్చే చేయి పడేది కూడా ఆ వీపు మీదే. ప్రతి ఖోకూ కళ్లన్నీ చేరే ఆ చోటును ఆయన పూర్తిగా తన పేరుతో నింపుకున్నారు.

అంతటితో ఆగలేదు. కొత్త షోరూమ్ ప్రారంభానికి సన్మానం ఉందని పిలిస్తే, అమ్మాయిలను ఆ పసుపు జెర్సీల్లోనే గుమ్మం దగ్గర రెండు వరుసలుగా నిలబెట్టి, చేతికి పన్నీటి బుడ్లు ఇచ్చి, వచ్చిన వారిపై చల్లమన్నారు. మైకులో వారిని “మన షోరూమ్ పిల్లలు” అన్నారు. సాధన మ్యాచ్‌లో మూడు నిమిషాలకు పైగా ఛేజర్లకు చిక్కకుండా తిరిగిన మా కెప్టెన్ నా దగ్గరకు వచ్చి, “మేడం, మనల్ని ఆటగాండ్లమని పిలిచిండ్రా, పనోళ్లమని పిలిచిండ్రా?” అని అడిగింది. అప్పటికప్పుడు బుడ్లు కింద పెట్టించి అందరినీ తీసుకొని బయటికి వచ్చాను. ఆటగత్తె శరీరం ఆమె సాధనకు ఫలితం. దానిని దుకాణం ముందు అలంకారంగా నిలబెట్టే హక్కు ఎంత డబ్బిచ్చిన వారికైనా లేదు.

జెర్సీలు మార్చమని అడిగితే, “పైసలు నావి అయినంక పేరు మీదెట్ల ఉంటది?” అని ఎదురు ప్రశ్న వేశారు. ఆటల సంఘంలో ఒక పెద్దమనిషి సర్దుకుపోవాలని నాకే బోధించారు. సర్దుకుపోలేదు. జెర్సీలు ఉతికి, మడతపెట్టి తిరిగి ఇచ్చేశాం. ఆ తరువాత కూడా చౌరస్తాలో మా అమ్మాయిల ఫొటోలతో ఫ్లెక్సీ వేలాడుతూనే ఉంది. నేను అడిగితే రేపు తీస్తాం, మాపు తీస్తాం అన్నవారు, తల్లిదండ్రులందరూ కలిసి దుకాణానికి వెళ్లి, అనుమతి లేకుండా మా బిడ్డల బొమ్మలు ఎట్లా వేశారని నిలదీస్తే ఆ సాయంత్రమే దించారు.

ఇప్పుడు ఒకే పెద్ద చేతిని నమ్ముకోవడం లేదు. ఒక టిఫిన్ సెంటర్, ఒక మెడికల్ షాపు, ఎనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి వ్యాపారి తలా కొంత ఇస్తున్నారు. వారికి ఆ నమ్మకం ఆదివారం సాయంత్రం మేము ఆడే మ్యాచ్‌లను చూశాకే కలిగింది. పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు మైకు పట్టుకొని, పోల్ డైవ్ (వరుస చివరి స్తంభం దగ్గర దూకి ఎదుటివారిని అందుకోవడం) అంటే ఏమిటో, ఎవరు ఎందుకు అవుటయ్యారో తెలుగులో వివరిస్తూ, ప్రతి అమ్మాయినీ ఆమె వాడకట్టు పేరుతో కలిపి పిలుస్తారు. లష్కర్ బజార్ అమ్మాయి పోల్ దగ్గర దూకగానే లష్కర్ బజార్ వాళ్లు ఈల వేస్తారు. ఊరికి జట్టు తెలిసింది అక్కడే, ఫ్లెక్సీల వల్ల కాదు.

జెర్సీ విషయంలో మరో మాట. మట్టిలో డైవ్ చేసే ఆట కనుక వేడితో అతికించే స్టిక్కర్ అక్షరాలు ఎద మీద పెచ్చులుగా ఊడిపోతాయి. పాలిస్టర్ బట్టపై సబ్లిమేషన్ ముద్రణ అడగండి. రంగు దారంలోకే దిగుతుంది కాబట్టి రాలిపోదు.

ఇప్పుడు ఎవరు డబ్బిచ్చినా ముందు కాగితం మీద సంతకం చేయాలి. ఎద, వీపు జట్టువి. భుజం స్పాన్సర్‌ది, అక్షరాలు జట్టు పేరులో సగానికి మించకూడదు. రంగు, గుర్తు మార్చరాదు. ఆటగత్తెల ఫొటో వాడాలంటే వారి అనుమతి, మైనర్లయితే తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా కావాలి. మ్యాచ్, బహుమతి ప్రదానం తప్ప మరే కార్యక్రమానికీ అమ్మాయిలను పిలవరాదు. ఈ కాగితం నకలు కావలసిన జట్లు ఆదివారం మ్యాచ్ దగ్గరకు వచ్చి అడిగి తీసుకోవచ్చు.