సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగుతాడో అడిగావా?

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా గ్యారేజీ. మొన్న నేను రాసిన కాగితం చూసి ఉస్తాద్ అడిగిన మాట ఇది. పెషావర్ మనిషి, తిట్టినా గొంతు పెంచడు, అందుకే ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఒక కుర్రాడు నిస్సాన్ పట్రోల్ తెచ్చాడు. లోపల ఉన్నది షెవర్లే ఎల్ఎస్3 ఇంజిన్, 6.2 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్లు). పవర్ పెరగాలి, నిలబెట్టినప్పుడు కూడా బండి గుడగుడమంటూ ఊగాలి అన్నాడు. క్యామ్ అంటే వాల్వులను తెరిచే కడ్డీ. నేను 236/242 డ్యూరేషన్ (గాలి తీసుకునే ఇన్‌టేక్, పొగ వదిలే ఎగ్జాస్ట్ వాల్వులు ఎన్ని డిగ్రీలు తెరిచి ఉంటాయన్నది), 110 లోబ్ సెపరేషన్ (ఆ రెంటినీ తెరిచే ఉబ్బుల మధ్య కోణం) ఉన్న క్యామ్ రాసిచ్చేశాను. కంపెనీది 204/211, 117.

ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోకముందే ఇన్‌టేక్ తెరుచుకుంటుంది కదా, అదే ఓవర్‌ల్యాప్. స్పీడ్‌లో అది మేలు చేస్తుంది, ఐడ్లింగ్‌లో (బండి ఆగి ఇంజిన్ మెల్లగా తిరిగేటప్పుడు) మాత్రం కాలిన పొగ వెనక్కి తన్ని కొత్త గాలిలో కలుస్తుంది, వాక్యూమ్ (ఇంజిన్ గాలి పీల్చే బలం) పడిపోతుంది, బ్రేక్ నొక్కడం తేలిక చేసే బూస్టర్‌కేమో ఆ వాక్యూమే దిక్కు. ఇవేవీ నాకు తెలియనివి కావు. ఆటోమేటిక్ బండి, ఆగస్టు ఎండ, ఏసీ ఫుల్‌లో పెట్టుకుని సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ ఆఫ్ అయిపోవచ్చనీ, ఇసుకలో మెల్లగా పోయేటప్పుడు కింది ఆర్‌పీఎంలో లాగుడు తగ్గుతుందనీ తెలిసే రాశాను.

"ఇది వాడి బండికా, నీ చెవికా?" అన్నాడు ఉస్తాద్.

జగిత్యాలలో ఎనిమిదేళ్లు బుల్లెట్లు బాగు చేసినవాణ్ణి. పవర్ కొలిచే డైనో మెషీన్ ఎక్కడిది, స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజిన్‌కీ ఇంకో కొస చెవికీ ఆనించి ట్యాపెట్ చప్పుడు పట్టేవాళ్లం. "ఐడ్లింగ్ తగ్గించన్నా, డుగ్గుడుగ్గు రావాలె" అంటే తగ్గించడమే. ఎదురు ప్రశ్నలేస్తే పక్క షాపుకు పోతాడు. ఉస్తాద్ కస్టమర్‌ని కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, రోజూ ఎటు పోతావు, ఇంట్లో ఇంకెవరు నడుపుతారు అని అరగంట అడుగుతాడు. ఆయనకు నెల జీతం, జగిత్యాలలో మాకు బండికి ఇంత అని కూలి. తేడా అక్కడుంది, తెలివిలో కాదు. ఇది ఆయనతో అనలేదు, ఇక్కడ అంటున్నాను.

చివరికి 224/228, 114 వేశాం, వాల్వ్ స్ప్రింగులూ మార్చాం. క్యామ్ 0.050 అంగుళాలు ఎత్తిన దగ్గర లెక్కేస్తే నేను రాసినదానికి ఓవర్‌ల్యాప్ 19 డిగ్రీలు, దీనికి మైనస్ 2, అంటే ఆ లెక్కలో లేనట్టే. కుర్రాడు స్టార్ట్ చేసి విని కాస్త మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఏసీ వేసి, డ్రైవ్‌లో పెట్టి, బ్రేక్ మీద ఐదు నిమిషాలు ఉంచినా వణకలేదు. డబ్బులిచ్చి వెళ్లాడు.

ఆ రాత్రి బావమరిది వీడియో కాల్ చేసి, తన పాత బుల్లెట్ పక్కన ఫోన్ పెట్టి వినిపించాడు. ఆగుతుందా అన్నట్టు కొట్టుకుంటోంది. ఐడ్లింగ్ స్క్రూ కొంచెం బిగించు, అంత కిందికి దించితే ఆయిల్ సరిగ్గా అందదు అన్నాను.

"షార్జా పోయి చెవులు కరాబు చేసుకున్నవ్ బావా" అన్నాడు.