కన్సోల్ కేబుల్ పెట్టినా స్క్రీన్ మీద ఏమీ రాకపోతే

చాలా నెట్‌వర్క్ స్విచ్‌లకు రెండు ఆర్‌జే-45 (నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే రకం) పోర్టులు విడిగా ఉంటాయి: ఒకటి కన్సోల్, అంటే ల్యాప్‌టాప్ నేరుగా కలిపి స్విచ్‌ను సెట్ చేసేది, ఇంకోటి మేనేజ్‌మెంట్, అంటే నెట్‌వర్క్ మీదుగా ఆ పని చేసేది. చూడ్డానికి ఒకేలా ఉన్నా కన్సోల్‌లో నడిచేది ఆర్‌ఎస్-232 సీరియల్, మేనేజ్‌మెంట్‌లో మామూలు ఈథర్‌నెట్. ల్యాప్‌టాప్ లాన్ పోర్టు నుంచి ప్యాచ్ కార్డ్ తెచ్చి కన్సోల్‌లో గుచ్చితే లింక్ లైటు ఎప్పటికీ వెలగదు.

కన్సోల్‌కి కావలసింది రోలోవర్ కేబుల్. సిస్కో పెట్టెలో వచ్చే లేత నీలం చదును కేబుల్ ఆ రకమే. 1వ పిన్ అవతల 8కి, 2వది 7కి, అలా వరస మొత్తం తిరగబడి ఉంటుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు సీరియల్ పోర్టు ఉండదు కాబట్టి, యూఎస్‌బీ నుంచి నేరుగా ఆర్‌జే-45కి వచ్చే కేబుల్ కొనండి. అందులో యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే చిప్ అసలైన ఎఫ్‌టీడీఐ కంపెనీదైతే మేలు. నకిలీ ప్రొలిఫిక్ చిప్ ఉంటే విండోస్‌లో డివైస్ మేనేజర్ కోడ్ 10 చూపించి ఊరుకుంటుంది. ఇలాంటి కేబుల్‌లో తిరగేత లోపలే అయిపోయి ఉంటుంది. పొడవు చాలక కప్లర్‌తో అతికేటప్పుడు స్ట్రెయిట్ ప్యాచ్ కార్డే వాడాలి. ఇంకో రోలోవర్ కలిపితే మళ్లీ మొదటికొస్తుంది.

డివైస్ మేనేజర్‌లో ఆ కేబుల్‌కి వచ్చిన కామ్ పోర్టు నంబరు చూసి, పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రాంలో సీరియల్ ఎంచుకుని ఆ నంబరు ఇచ్చి, స్పీడ్ 9600, 8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్, ఫ్లో కంట్రోల్ నన్ అని పెట్టండి. తర్వాత ఎంటర్ రెండుసార్లు కొట్టాలి. చాలామంది ఇది మర్చిపోయి ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చుంటారు.

పిచ్చి అక్షరాలు వస్తే స్పీడ్ తప్పు. సిస్కో, జూనిపర్, ఫోర్టిగేట్ మామూలుగా 9600. మైక్రోటిక్, అరుబా సీఎక్స్ 115200. బూట్ మెసేజ్‌లు చక్కగా వస్తూ కీబోర్డ్ మాత్రం పనిచేయకపోతే ముందు ఫ్లో కంట్రోల్ మీదే అనుమానపడండి. హార్డ్‌వేర్ అని ఉంటే, అవతల నుంచి ‘పంపొచ్చు’ అని చెప్పే సీటీఎస్ సిగ్నల్ రానిదే ల్యాప్‌టాప్ ఒక్క అక్షరం కూడా పంపదు. పాత సిస్కో స్విచ్‌లలో యూఎస్‌బీ కన్సోల్ పోర్టు కూడా ఉండి, దానికి కంప్యూటర్ కలిపి ఉంటే ఆర్‌జే-45 వైపు టైపింగ్ తీసుకోదు. అందుకే ఎవరైనా వదిలేసిన మినీ యూఎస్‌బీ వైరు ఉందేమో చూడండి.

అదే ర్యాక్‌లో ఏపీసీ స్మార్ట్-యూపీఎస్ ఉంటే దాని సీరియల్ పోర్టులో మామూలు సీరియల్ కేబుల్ పెట్టకండి. దాని పిన్‌అవుట్ వేరు. యూపీఎస్ ఆగిపోయి, దాని మీదున్నవన్నీ ఆరిపోవచ్చు.

మేనేజ్‌మెంట్ పోర్టుకి సాధారణ క్యాట్6 చాలు. ఐపీ ఇచ్చినా పింగ్ కాకపోతే, సిస్కో క్యాటలిస్ట్ 9300లో ఆ పోర్టు మేనేజ్‌మెంట్ వీఆర్‌ఎఫ్‌లో (దానికే విడిగా ఉండే రూటింగ్ టేబుల్‌లో) ఉంటుందని గుర్తుంచుకోండి. డిఫాల్ట్ రూట్ ఆ వీఆర్‌ఎఫ్‌లోనే రాయాలి, పింగ్ కొట్టేటప్పుడు దాని పేరు చెప్పాలి. స్టాక్‌లో (ఒకే స్విచ్‌లా పనిచేసేలా కలిపిన స్విచ్‌లలో) యాక్టివ్ స్విచ్ మేనేజ్‌మెంట్ పోర్టే పనిచేస్తుంది కాబట్టి స్టాండ్‌బైకి కూడా కేబుల్ లాగి ఉంచండి. ఆ రెండు కేబుళ్లూ వేరే చిన్న స్విచ్‌కి వెళ్లాలి, అదే స్టాక్‌లోని డేటా పోర్టులకు కాదు. లేదంటే స్టాక్ పడిపోయిన రోజు మేనేజ్‌మెంట్ కూడా దాంతోపాటే పోతుంది.