1979 ఫైర్‌బర్డ్‌కు టీ-టాప్: కోత నుంచి నీళ్ల పరీక్ష దాకా

బండి 1979 పాంటియాక్ ఫైర్‌బర్డ్, ఫ్యాక్టరీ నుంచి మామూలు ఇనుప టాపుతో వచ్చినది. దీనికి ఫిషర్ రకం టీ-టాప్ (నడుమ ఒక పట్టీ, దానికి రెండు పక్కలా తీసిపెట్టగల అద్దాలు ఉన్న టాపు) ఎక్కుతోంది. టాపు కోయడం ఒక్కరోజు పని. తలుపుల సందు చెదరకుండా, వాన నీరు లోపలికి రాకుండా చూసుకోవడమే అసలు పని. అందుకే ఈ చిట్టాలో ఎక్కువ చోటు దానికే.

డోనర్ టాపు (వేరే పాత బండి నుంచి కోసి తెచ్చేది)

1976లో ఈ బండ్లకు వచ్చిన టీ-టాప్‌లు హర్స్ట్ కంపెనీవి, వాటిని హర్స్ట్ హ్యాచ్‌లు అంటారు. 1978 మోడల్ ఏడాది నడుమ పాంటియాక్ మాతృసంస్థ జీఎం సొంత ఫిషర్ రకం మొదలైంది. హర్స్ట్‌లో నడిమి పట్టీ వెడల్పు, అద్దాలు చిన్నవి. ఫిషర్‌లో పట్టీ సన్నం, అద్దాలు పెద్దవి. ఒకదాని అద్దాలు గానీ బీడింగ్ (నీరు ఆపే రబ్బరు అంచు) గానీ రెండోదానికి పట్టవు. 1978 బండి డోనర్‌గా దొరికితే పట్టీ చూశాకే బేరం మాట్లాడండి. ఇంకో మాట: 1975లో వెనక అద్దం పెద్దదై పక్కలకు తిరిగింది, కాబట్టి 1970-74 బాడీ మీద ఈ టాపు నేరుగా కూర్చోదు.

పైరేకు ఒక్కటీ సరిపోదు. ముందు అద్దం పైన ఉండే అడ్డపట్టీ, నడిమి పట్టీ, లోపలి కాలువలు, లాచ్‌లు దిగే గూళ్లు, బీడింగ్ పట్టే రేకులు, సన్ వైజర్లు, లోపలి కప్పు ముక్కలు అన్నీ ఒకే బండి నుంచి రావాలి. పిల్లర్ల (టాపును మోసే నిలువు కమ్మీల) దగ్గర 100-150 మి.మీ. అదనంగా ఉంచి కోయించుకోండి. ఎక్కువైతే కోసుకోవచ్చు, తక్కువైతే చేసేదేమీ లేదు.

బ్రేసింగ్ (బాడీ వంగకుండా తాత్కాలిక కట్టు)

ఈ బండి వెనక భాగం యూనిబాడీ (విడి ఛాసిస్ లేకుండా బాడీయే బరువు మోసేది), ముందు సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్‌ను మోసే విడి చట్రం) బోల్టులతో బిగించినది. టాపు తీస్తే బాడీ నడుములో వంగుతుంది. కాబట్టి మొదట సబ్‌ఫ్రేమ్‌కూ బాడీకీ మధ్య ఉండే బుష్‌లు మార్చాం, తర్వాత సబ్‌ఫ్రేమ్‌ను వెనక భాగంతో కలిపే కనెక్టర్లు వెల్డ్ చేశాం, ఆ తర్వాతే కొలతలు. పాత బుష్‌ల మీద తీసుకున్న కొలత కొత్తవి వేయగానే మారిపోతుంది.

25 మి.మీ. చదరపు ట్యూబుతో ఎడమ నుంచి కుడికి ఒక అడ్డం, ప్రతి తలుపు వాకిలికి లోపలి వైపున ఒక ఐమూల కట్టు. తలుపులు తెరిచి మూయడానికి వీలుండాలి, లేకపోతే సందు చెక్ చేయలేం. బండి బరువు నాలుగు చక్రాల మీదే ఉండాలి. లిఫ్ట్ మీద వేలాడదీసి బ్రేస్ కడితే ఆ వంపే వెల్డ్‌లో శాశ్వతమవుతుంది. కోతకు ముందు తలుపు వెనక సందు రెండు పక్కలా 5 మి.మీ. పాత టాపు తీశాక ఎడమ 5, కుడి 4.5. అది సరిపోతుంది.

కోత

టాపు, వెనక క్వార్టర్ ప్యానెల్ కలిసే చోట ఫ్యాక్టరీ సీసం నింపింది. దాన్ని గ్రైండర్‌తో ముట్టుకోవద్దు, సీసపు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిన్న మంటతో వేడి చేస్తే 183 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. వెన్నలా జారే దశలో వైర్ బ్రష్‌తో తోసేయాలి. మాస్కు తీయొద్దు. సీసం పోయాక కింద స్పాట్ వెల్డ్‌ల వరస కనిపిస్తుంది. 8 మి.మీ. స్పాట్ కట్టర్‌తో పై రేకు వరకే తొలవండి.

ముందు పిల్లర్‌లో బయటి రేకు కోత, లోపలి రేకు కోత ఒకే గీత మీద ఉండకూడదు. వాటి మధ్య 50 మి.మీ. ఎడం, లోపల 2 మి.మీ. ఇనుముతో 80 మి.మీ. పొడవు స్లీవ్ (లోపల దూర్చే అతుకు ముక్క).

అద్దాలు పెట్టి టాక్ (చిన్న తాత్కాలిక వెల్డ్ చుక్క), తర్వాతే పూర్తి వెల్డ్

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. టాపు పూర్తిగా వెల్డ్ చేసి, పెయింట్ వేసి, చివర్లో బీడింగ్ పెట్టి చూస్తారు. నీరు కారితే రబ్బరును తిడతారు. తప్పు రబ్బరుది కాదు, అద్దానికీ కాలువకూ మధ్య వదిలిన లోతుది.

ముందు ఎనిమిది చోట్ల టాక్ వేసి, కొత్త బీడింగ్, టాపు అద్దాలు, తలుపు అద్దాలు అన్నీ ఎక్కించాం. బీడింగ్ కూర్చునే చోట పిల్లలాడే మైనపు మట్టి ముద్దలు పెట్టి లాచ్ వేసి, తీసి, ముద్దల మందం కొలిచాం. మా బీడింగ్ వదులుగా 14 మి.మీ., మూసినప్పుడు 9-10 ఉండాలి. ఎడమ ముందు మూలలో 12 వచ్చింది. రెండు టాక్‌లు కోసి, ఆ మూలను 2 మి.మీ. దించితే 10కి వచ్చింది. పూర్తి వెల్డ్ అయ్యాక ఇదే తేడాకు మళ్లీ కోత పడేది.

తలుపు అద్దానికి పైన ఫ్రేము లేదు, నేరుగా టాపు బీడింగ్‌కు ఆనుతుంది. మరీ పైకి వస్తే టాపు అద్దాన్ని ఎత్తేస్తుంది. పై స్టాపు తగ్గించి, వంపు లోపలికి సర్ది, కాగితం ముక్క ఇరికించి లాగి చూడండి. అంతటా ఒకే పట్టు తగలాలి.

వెల్డ్‌కు 0.6 మి.మీ. తీగ, 75 పాళ్లు ఆర్గాన్, 25 పాళ్లు కార్బన్ డయాక్సైడ్. 15 మి.మీ. కుట్టు వేసి, కనీసం 100 మి.మీ. దూరం జరిగి ఇంకోటి. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే పక్కది. తొందరపడితే వెనక వెడల్పు రేకు అప్పడంలా ఉబ్బుతుంది. అతుకుల లోపల ముందే జింక్ ప్రైమర్, పైన సీమ్ సీలర్ (అతుకు మూసే పేస్టు).

నీళ్ల పరీక్ష

ఈ అమరిక పెంకుటింటి చూరు కింద కాలువలాంటిదే. మొదటి బీడింగ్ దాటిన కాస్త నీరు కాలువలో పడి బయటికి పోవాలి. సీమ్ సీలర్ చుక్క కాలువ చివర మూసేస్తే ఎంత మంచి రబ్బరు పెట్టినా సీటు తడుస్తుంది. తీగ పెట్టి దారి చూడండి.

తోట పైపు సన్న ధారతో కింద నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, ఒక్కో చోట ఐదు నిమిషాలు. పై నుంచి పోస్తే ఎక్కడ దూరిందో తెలియదు. మొదటి విడతలో కుడి వెనక మూల తడిసింది. చాక్ పొడి రాసి మూస్తే బీడింగ్ మీద వేలెడంత మేర గుర్తు పడలేదు. అక్కడి పట్టురేకు కింద 1.5 మి.మీ. షిమ్ (ఎత్తు పెంచే పలుచని రేకు) పెట్టాక పొడిగా ఉంది.

మిగిలినవి: లోపలి కప్పు, డోమ్ లైటు వైరు కొత్త దారి, సీటు బెల్టు పై పట్టు, పెయింట్. కొత్త రబ్బరు గట్టిగా ఉంది కాబట్టి అద్దాలు పది రోజులు మూసే ఉంచుతున్నాం. ఆ తర్వాత లాచ్ సర్ది మళ్లీ నీళ్లు పోస్తాం.