సికిల్ సెల్ క్లినిక్‌కి సీఎస్ఆర్ నిధులు: నా అనుభవం

పాడేరు వైపు గిరిజన గ్రామాల్లో సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) రోగులను చూసే ఒక ట్రస్టు క్లినిక్‌కి కంపెనీ సీఎస్ఆర్ నిధులు, అంటే సామాజిక బాధ్యత కింద కంపెనీలు ఖర్చుపెట్టే డబ్బు, తెచ్చే పని నేను చూశాను. పరీక్షలు చేస్తామంటే డబ్బిచ్చేవాళ్లు సులువుగానే దొరుకుతారు. జబ్బు తేలినవాళ్లకి ఏళ్ల తరబడి మందులు, రక్తపరీక్షలు, బస్సు ఛార్జీలు చూస్తామంటేనే వెనకాడతారు. అందుకే దరఖాస్తు మొత్తం ఆ రెండో ఖర్చుకి ఒప్పించేలా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

ముందు కాగితాలు. ట్రస్టు పేరిట పాన్, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (ట్రస్టుకి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకి పన్ను రాయితీ) నమోదులు, నీతి ఆయోగ్ దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల నమోదు పోర్టల్) ఐడీ, మూడేళ్ల ఆడిట్ లెక్కలు సిద్ధంగా ఉండాలి. ఆ తర్వాత ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) పోర్టల్‌లో సీఎస్ఆర్-1 ఫారం, అంటే సీఎస్ఆర్ పనులు చేసే సంస్థగా నమోదు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది తప్పనిసరి. ట్రస్టు ప్రతినిధి డిజిటల్ సంతకంతో పాటు ప్రాక్టీసులో ఉన్న సీఏ, కంపెనీ సెక్రటరీ, కాస్ట్ అకౌంటెంట్‌లలో ఒకరి డిజిటల్ సంతకమూ కావాలి. ఇబ్బంది ఎక్కువగా పేర్ల దగ్గర వస్తుంది. ట్రస్టు డీడ్‌లో ఒకలా, పాన్‌లో ఒకలా ఉంటే ఫారం జోలికి వెళ్లకముందే పాన్ సరిచేయించుకోవాలి. 80జీ గడువు ప్రాజెక్టు మధ్యలో ముగిసేలా ఉంటే కంపెనీ లీగల్ విభాగం తప్పకుండా అడుగుతుంది. గడువు తీరడానికి కనీసం ఆరు నెలల ముందే రెన్యువల్‌కి పెట్టాలి. అదే తరహా పనిలో మూడేళ్ల అనుభవం ఉండాలన్నది నిబంధన కాబట్టి ఏడాదివారీ ఓపీ రిజిస్టర్ మొత్తాలు కూడా జతచేయాలి.

ఏ కంపెనీని అడగాలో వాళ్ల వెబ్‌సైట్లే చెబుతాయి. సీఎస్ఆర్ విధానం, కమిటీ సభ్యులు, బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులు అక్కడ పెట్టడం చట్టరీత్యా తప్పదు. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని 2013 కంపెనీల చట్టం 135వ సెక్షనే చెబుతోంది కనుక, మన్యం పనికి విశాఖ చుట్టుపక్కల పరిశ్రమలతో మొదలుపెట్టడం మేలు.

దరఖాస్తు డిసెంబరు, జనవరిలో చేరితే వచ్చే ఏడాది ప్రణాళికలోకి వెళ్తుంది. ఫిబ్రవరి, మార్చిలో మిగులు డబ్బు ఇస్తామని వచ్చేవాళ్లతో జాగ్రత్త. అది మార్చి 31లోపు ఖర్చయిపోవాలంటారు, దాంతో యంత్రాలు కొనడం తప్ప దారి ఉండదు. అదే 'ఆన్‌గోయింగ్ ప్రాజెక్టు' (ఏళ్ల తరబడి సాగేది)గా కంపెనీ బోర్డు ఆమోదిస్తే, మొదలైన ఆర్థిక సంవత్సరం కాక మరో మూడేళ్ల వరకు నడపొచ్చు. రోగులకి కావలసింది ఇదే. యంత్రం ఇస్తామన్నా వెంటనే ఒప్పుకోవద్దు. అల్ట్రాసౌండ్‌కి పీసీపీఎన్‌డీటీ (గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం) రిజిస్ట్రేషన్, ఎక్స్‌రేకి ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి లేకపోతే అది మూలనపడి ఉంటుంది.

ఇక బడ్జెట్. జాతీయ సికిల్ సెల్ మిషన్ 2023 జులై 1న మొదలైంది, గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వాళ్లకి ప్రభుత్వమే స్క్రీనింగ్ చేస్తోంది. మళ్లీ అదే పని చూపిస్తే కమిటీ పక్కన పెట్టేస్తుంది. ముందు డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) కార్యాలయంలో, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ)లో మాట్లాడి, పరీక్ష పూర్తయిన గ్రామాలేవో తెలుసుకుని, మా పని వాళ్ల పనికి పునరావృతం కాదని లేఖ తీసుకోవాలి.

పరీక్ష కిట్లకి మాత్రమే డబ్బు అడిగిన దరఖాస్తు ఎందుకు చాలదో కమిటీకి విడమరిచి రాయాలి. మొదట చేసే సాల్యుబిలిటీ టెస్టు పాజిటివ్ వచ్చినంత మాత్రాన మనిషి క్యారియరో (జన్యువు ఉన్నా జబ్బు లేనివాళ్లు), రోగో తెలియదు. అది తేల్చడానికి హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే ల్యాబ్ పరీక్షలు హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ చేయాలి. ఆరు నెలలలోపు పసివాళ్లలో సాల్యుబిలిటీ టెస్టు నమ్మదగినది కాదు. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవాళ్లకి ఈ పరీక్షల్లో ఏదైనా తప్పుదోవ పట్టించవచ్చు, సుమారు మూడు నెలలు ఆగాలి. అంటే శాంపిల్ రవాణా, నిర్ధారణ పరీక్ష, మళ్లీ పిలిచే ఖర్చు బడ్జెట్‌లో విడివిడిగా ఉండాలి.

తేలిన రోగికి ఏడాది ఖర్చు ఒక్కొక్కటిగా వేసి చూపాలి. ఈ జబ్బుకి రోజూ వేసుకునే మందు హైడ్రాక్సీయూరియా సాధారణంగా కిలో బరువుకి 15 మిల్లీగ్రాములతో మొదలవుతుంది. 33 కిలోల పిల్లవాడికి రోజుకో 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్, ఏడాదికి 365. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయేమో చూడటానికి మొదట్లో నెలనెలా, తర్వాత రెండు మూడు నెలలకోసారి సీబీసీ (రక్తకణాల లెక్క పరీక్ష). ఐదేళ్లలోపు పిల్లలకి పెన్సిలిన్. వీటికి నర్సు జీతం, గ్రామ కార్యకర్త గౌరవ వేతనం, జీపు డీజిల్, సంతరోజు క్లినిక్ ఖర్చు కలపాలి. జీతాలు చూసి '5 శాతం పరిమితి' అంటూ కొట్టేయబోతారు. 2014 సీఎస్ఆర్ రూల్స్‌లోని ఆ పరిమితి కంపెనీ సొంత నిర్వహణ ఖర్చులకే. వైద్యం చేసే నర్సు జీతం ప్రాజెక్టు ఖర్చు. ఈ మాట ఓపిగ్గా, రూలు నంబరు 7తో సహా రాసిస్తే ఒప్పుకుంటారు.

డబ్బు విడతలుగా వస్తుంది. మొదటి విడత వినియోగ పత్రం లేకుండా రెండోది రాదు, ఎందుకంటే నిధులు ఆమోదించిన పనికే ఖర్చయ్యాయని కంపెనీ సీఎఫ్‌ఓ (ఆర్థిక విభాగం అధిపతి) సర్టిఫై చేయాలి. ప్రాజెక్టుకి వేరే బ్యాంకు ఖాతా ఉంటే ఈ పని తేలిక. ఒకే మనిషికి ఒక రోజులో 10,000 రూపాయలు మించి నగదు ఇవ్వకూడదు. ఏజెన్సీలో జీపు యజమానులు నగదే అడుగుతారు కాబట్టి బ్యాంకు ద్వారా ఇస్తామని ముందే ఒప్పించుకోవాలి.

కంపెనీతో చేసుకునే ఒప్పందపత్రం (ఎంఓయూ)లో ఒక క్లాజు మాత్రం వదులుకోకూడదు. రిపోర్టుల కోసం పేర్లు, ముఖాలు కనిపించే ఫొటోలు అడుగుతారు. సికిల్ సెల్ అని బయటపడితే ఆడపిల్లల పెళ్లి సంబంధాలు చెడిపోతున్నాయి. పేర్లు లేకుండా నంబర్లతో నెలవారీ పట్టిక ఇస్తామని, అందులో ఎంతమందికి పరీక్ష చేశామన్నదే కాక, ఎంతమంది మూడో నెలలోనూ మందుకి తిరిగి వచ్చారన్నదీ చూపిస్తామని రాయించుకోవాలి.